భుజం మొరాయించిందా? ప్రాక్టీస్ మార్చండి, మానకండి!

మొన్నటిదాకా తెల్లవారుజామునే పూల్ దగ్గర మీరు హాజరు. ఇప్పుడు చొక్కా తొడుక్కోవడానికి చెయ్యెత్తినా భుజం కలుక్కుమంటోంది. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే సలుపు. కోచ్ "కొన్నాళ్లు ఆగు" అన్నారు. తోటివాళ్లు మాత్రం రోజూ ల్యాప్స్ కొడుతూనే ఉన్నారు.

దిగులు సహజం. కానీ దిగులుతో ఒక్క కండరం కూడా బలపడదు.

ఇలాంటప్పుడు చాలామంది రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. కొందరు అన్నీ మానేసి మంచమెక్కుతారు. కొందరు నొప్పి మాత్ర వేసుకుని పూల్‌లో దూకుతారు. మొదటివాళ్ల కండరాలు నీరసిస్తాయి. రెండోవాళ్ల గాయం ముదురుతుంది. మీరు మూడో దారిలో వెళ్లబోతున్నారు.

ఆ దారి ఇది: రీహాబ్, అంటే గాయం నుంచి కోలుకునే కసరత్తు, కూడా ట్రైనింగే. దానికీ టైమ్ టేబుల్ ఉంది, సెట్లు ఉన్నాయి, టార్గెట్ ఉంది. పూల్‌లో చూపించిన క్రమశిక్షణనే ఇక్కడా చూపించండి. ఫలితం వస్తుంది.

వాళ్లు చేశారు, మీరూ చేయగలరు

సజన్ ప్రకాశ్ పేరు వినే ఉంటారు. కేరళ స్విమ్మర్. టోక్యో ఒలింపిక్స్‌కు సిద్ధమవుతున్న కాలంలో మెడలో డిస్క్ సమస్య వచ్చింది. దానికి తోడు కొవిడ్ లాక్‌డౌన్. థాయ్‌లాండ్‌లో చిక్కుకుపోయి నెలల తరబడి పూల్‌కు దూరమయ్యాడు. తర్వాత దుబాయ్ వెళ్లి, కోచ్ ప్రదీప్ కుమార్ దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు.

2021 జూన్ 26న రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదాడు. ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే 'ఎ' ప్రమాణం 1 నిమిషం 56.48 సెకన్లు. సెకనులో పదో వంతు తేడాతో, ఆ ప్రమాణం అందుకున్న తొలి భారతీయ స్విమ్మర్ అయ్యాడు. అదీ భుజాలనూ మెడనూ బాగా కష్టపెట్టే స్ట్రోక్‌లో సాధించాడు!

మైకేల్ ఫెల్ప్స్‌నే తీసుకోండి. బీజింగ్ ఒలింపిక్స్‌కు ఏడాది కూడా లేదు. 2007 చివర్లో జారిపడి మణికట్టు విరిగింది. చేతులు వాడలేడు కాబట్టి కాళ్ల మీద పని పెట్టాడు. కిక్, కిక్, మళ్లీ కిక్. 2008లో ఎనిమిది స్వర్ణాలు గెలిచాడు. అందులో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో గెలుపు తేడా 0.01 సెకన్.

ఇద్దరూ "ఏం చేయలేను" దగ్గర ఆగలేదు. "ఏం చేయగలను" అని అడిగారు. ఈరోజు మీరు అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

ముందు గాయాన్ని అర్థం చేసుకోండి

ఈతగాళ్లను ఎక్కువగా వేధించేది భుజం. 'స్విమ్మర్స్ షోల్డర్' అనే పేరును 1974లో కెనడీ, హాకిన్స్ అనే ఇద్దరు డాక్టర్లు వాడుకలోకి తెచ్చారు.

ఎందుకు వస్తుంది? ఒక చిన్న లెక్క వేయండి. 25 మీటర్ల ల్యాప్‌కు ఒక్కో చెయ్యి 10 సార్లు తిరుగుతుందనుకుందాం. 4,000 మీటర్ల ప్రాక్టీస్ అంటే 160 ల్యాప్స్. అంటే ఒక్కో భుజం 1,600 సార్లు తిరిగింది. ఒక్క పూటలో! వారానికి ఐదు పూటలైతే 8,000 సార్లు.

పైగా భుజం కీలు చిన్న సాసర్ మీద నిలబెట్టిన పెద్ద బంతి లాంటిది. ఎటైనా తిరుగుతుంది. కానీ పట్టు తక్కువ. ఆ బంతిని చోటు కదలకుండా పట్టి ఉంచేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. అవి అలసిపోతే బంతి కాస్త పైకి జరుగుతుంది. చెయ్యెత్తిన ప్రతిసారీ లోపలి టెండన్ ఎముక కింద ఒరుసుకుంటుంది. అదే మీ నొప్పి.

దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తున్నాయి. ఒకటి, ఈ గాయం ఒక్కరోజులో రాలేదు, ఒక్కరోజులో పోదు. రెండు, ఆ చిన్న కండరాలకు బలం ఇస్తే సమస్య మూలానికే మందు వేసినట్టు.

ఇవి ఉంటే ఆలస్యం చేయకండి

కింది వాటిలో ఒక్కటి ఉన్నా ముందు ఆర్థోపెడిక్ లేదా స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌ను కలవండి. వ్యాయామాలు ఆ తర్వాతే.

- చెయ్యి లేదా వేళ్లలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం
- చెయ్యి ఒక్కసారిగా బలం కోల్పోవడం
- భుజం జారినట్టు, ఊడినట్టు అనిపించడం
- కదలకుండా ఉన్నా తగ్గని నొప్పి, నిద్ర చెడగొట్టే నొప్పి
- వాపు, ఎరుపు, జ్వరం
- టీనేజ్ ఈతగాళ్లలో నడుము వెనక్కి వంచినప్పుడల్లా వచ్చి, వారాలు గడిచినా తగ్గని నొప్పి. ఇది వెన్నుపూసలో సన్నని పగులు కావచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లడం బలహీనత అనుకోకండి. తెలివైన అథ్లెట్ చేసే మొదటి పని అదే.

నొప్పికి మార్కులు వేయండి

రీహాబ్‌లో మీకు దొరికే అత్యంత నమ్మకమైన కోచ్ మీ నొప్పే. దాని మాట వినడం నేర్చుకోండి. వ్యాయామం చేస్తున్నప్పుడు నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేయండి.

- 0 నుంచి 3: కొనసాగించండి.
- 4 లేదా 5: బరువు తగ్గించండి, లేదా సెట్లు తగ్గించండి.
- 6, ఆపైన: ఆపండి. ఈరోజుకు చాలు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. మర్నాడు పొద్దున నొప్పి నిన్నటికంటే పెరిగిందా? నిన్న మీరు ఎక్కువ చేశారన్నమాట. ఒక మెట్టు దిగండి. పెరగలేదా? సరైన దారిలో ఉన్నారు.

ఒక నియమం మాత్రం కచ్చితం. ఈదడానికి వీలుగా నొప్పి మాత్ర వేసుకోవద్దు. మీకు సమాచారం ఇస్తున్న గొంతును నొక్కేసి, గాయాన్ని పెంచుకున్నట్టే.

భుజానికి నాలుగు మెట్లు

మెట్లు వరుసగా ఎక్కండి. దూకకండి. ఏ మెట్టు మీద ఎన్నాళ్లు ఉండాలో మీ ఫిజియో చెబుతారు. టెండన్ బలపడటానికి వారాలు పడుతుంది. చాలామందికి మూడు నెలల దాకా పట్టొచ్చు. ఆ మూడు నెలలూ మీకు పెట్టుబడి.

మొదటి మెట్టు: శాంతపరచండి

నొప్పి పుట్టించే కదలికలు ఆపండి. తల పైకి చెయ్యెత్తే పనులు, బరువులు మోయడం తగ్గించండి. కానీ చేతిని పూర్తిగా కట్టేసినట్టు ఉంచొద్దు.

పెండ్యులమ్ చేయండి. బాగున్న చెయ్యి టేబుల్ మీద ఆనించి ముందుకు వంగండి. నొప్పి ఉన్న చేతిని వదులుగా వేలాడనివ్వండి. ఒంటిని మెల్లగా ఊపుతూ ఆ చెయ్యి చిన్న సున్నాలు చుట్టేలా చూడండి. ఒక్కో వైపు 30 సెకన్లు. రోజుకు రెండు, మూడు సార్లు.

రెండో మెట్టు: కదలకుండా బలం

గోడ పక్కన నిలబడండి. మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి పక్కటెముకలకు ఆనించండి. అరచేతి వెనక భాగంతో గోడను నెట్టండి. సగం బలమే చాలు. 10 సెకన్లు పట్టి ఉంచండి. ఐదు సార్లు చేయండి.

తర్వాత గుమ్మానికి ఎదురుగా నిలబడి, ద్వారబంధం అంచును అరచేతితో లోపలి వైపుకి నెట్టండి. కీలు కదలదు. కండరం మాత్రం పనిచేస్తుంది. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో కూడా చాలామంది చేయగలిగే వ్యాయామం ఇది.

మూడో మెట్టు: అసలు బలం

ఇక్కడే మీ కొత్త భుజం తయారవుతుంది. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు.

1. బ్యాండ్ బయటికి లాగడం: థెరాబ్యాండ్‌ను (వ్యాయామానికి వాడే సాగే పట్టీ) కిటికీ ఊచకు కట్టండి. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన టవల్ పెట్టుకోండి. బ్యాండ్‌ను బయటికి లాగండి. తిరిగి వచ్చేటప్పుడు మూడు లెక్కపెడుతూ మెల్లగా రండి. 12 సార్లు, 3 సెట్లు.

2. బ్యాండ్ రో: రెండు చేతులతో బ్యాండ్‌ను ఒంటి వైపు లాగండి. వీపు మీది రెక్క ఎముకలు ఒకదానికొకటి దగ్గరవ్వాలి. భుజాలు చెవుల వైపు లేవకూడదు. 12 సార్లు, 3 సెట్లు.

3. గోడ పుషప్ ప్లస్: గోడకు పుషప్ చేయండి. చేతులు నిటారుగా అయ్యాక ఆగొద్దు. ఇంకొంచెం నెట్టండి, వీపు పైభాగం కాస్త గుండ్రమవుతుంది. రెక్క ఎముకను పక్కటెముకలకు అదిమి ఉంచే కండరానికి ఇది మేలైన పని. 10 సార్లు, 3 సెట్లు.

4. బోర్లా పడుకుని 'టి', 'వై': మంచం అంచు మీద బోర్లా పడుకోండి. బొటనవేళ్లు పైకి ఉండాలి. చేతుల్ని మొదట పక్కలకు, తర్వాత ఏటవాలుగా పైకి ఎత్తండి. బరువేమీ వద్దు. 8 నుంచి 10 సార్లు, 2 సెట్లు.

5. ఛాతీ స్ట్రెచ్: ద్వారబంధానికి ముంజెయ్యి ఆనించి, మోచేతిని భుజం కంటే కిందే ఉంచి, ఒక అడుగు ముందుకు వేయండి. 30 సెకన్లు.

ఒక అలవాటు ఇవాళే మానేయండి. పూల్ గట్టు మీద ఫ్రెండ్‌తో రెండు చేతులూ వెనక్కి లాగించుకునే స్ట్రెచ్ అది. ఈతగాళ్ల భుజాలు చాలావరకు ముందే వదులుగా ఉంటాయి. వాటిని ఇంకా వదులు చేయొద్దు. మీకు కావాల్సింది పట్టు.

నాలుగో మెట్టు: నీళ్లలోకి

దిగేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

- చెయ్యి నొప్పి లేకుండా పూర్తిగా పైకి లేస్తోందా?
- ఫిజియో చూసినప్పుడు గాయపడ్డ చేతి బలం రెండో చేతికి కనీసం 90 శాతం ఉందా?
- మూడో మెట్టు వ్యాయామాలు వారం పాటు చేసినా మర్నాడు నొప్పి పెరగకుండా ఉంటోందా?

మూడింటికీ 'అవును' అయితే గాగుల్స్ తీయండి. ఒక్కటి 'కాదు' అయినా ఇంకో వారం పని చేయండి. ఆ వారం మీకు మేలే చేస్తుంది.

తిరిగి ఈదడం: ఆరు వారాల నమూనా

మీ కోచ్, ఫిజియోతో కూర్చుని దీన్ని మీకు తగ్గట్టు మార్చుకోండి.

- 1వ వారం: రోజు విడిచి రోజు, 800 మీటర్లు. సగం కిక్, సగం నెమ్మదిగా ఫ్రీస్టైల్ లేదా బ్యాక్‌స్ట్రోక్.
- 2వ వారం: దూరం 1,000 మీటర్లు. వేగం అదే.
- 3వ వారం: 1,200 మీటర్లు. డ్రిల్స్ కలపండి.
- 4వ వారం: దూరం అంతే. వారంలో ఒక రోజు పెంచండి.
- 5వ వారం: దూరం అంతే. 25 మీటర్ల వేగవంతమైన ఈత నాలుగు సార్లు.
- 6వ వారం: 1,400 మీటర్లు. వేగం ఐదో వారంలో ఉన్నంతే.

ప్యాడిల్స్, బటర్‌ఫ్లై అన్నిటికంటే చివర. తొందర లేదు.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. దూరం, వేగం, రోజులు, పరికరాలు... ఈ నాలుగింటిలో ఒక వారంలో ఒక్కటే మార్చండి. అప్పుడే నొప్పి తిరిగొస్తే దేనివల్ల వచ్చిందో మీకు తెలుస్తుంది.

కిక్‌బోర్డ్‌తో జాగ్రత్త

"భుజం నొప్పిగా ఉంది, బోర్డ్ పట్టుకుని కిక్ కొడతా." చాలామంది చేసే పనే. కానీ చేతులు ముందుకు చాచి బోర్డ్ మీద ఒంటి బరువు వేస్తే భుజం సరిగ్గా నొప్పి పుట్టే భంగిమలోనే ఇరుక్కుంటుంది.

బదులుగా ఇలా చేయండి:

- వెల్లకిలా తేలుతూ, చేతులు ఒంటి పక్కన పెట్టుకుని కిక్
- చేతులు కింద ఉంచి, పక్కకు తిరిగి కిక్. ఫిన్స్ వేసుకుంటే ఇంకా సులువు.
- సెంటర్ స్నార్కెల్‌తో కిక్. తల తిప్పే పని ఉండదు.

పుల్ బాయ్ ఇప్పట్లో వద్దు. కాళ్ల పని ఆపితే ఆ భారమంతా భుజాల మీదే పడుతుంది.

గాయం కాలుదైతే? నీళ్లే మీ జిమ్. మెడ లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో దాదాపు పదో వంతే కాళ్ల మీద పడుతుంది. నడవండి, జాగింగ్ చేయండి. కానీ కుట్లు ఉన్నా, పచ్చిపుండు ఉన్నా డాక్టర్ సరే అనేదాకా పూల్ వైపు చూడొద్దు.

మోకాలు, నడుము

బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదేవాళ్లకు మోకాలి లోపలి వైపు నొప్పి మామూలు. విప్ కిక్‌లో కాలు బయటికి తిరిగి వేగంగా దగ్గరకొచ్చేటప్పుడు అక్కడి లిగమెంట్ సాగుతుంది. ముందు ఆ కిక్ ఆపండి. ఫ్లట్టర్ కిక్‌తో నొప్పి లేకపోతే అది కొనసాగించండి. ఇంట్లో మోకాళ్ల మధ్య దిండు పెట్టి నొక్కండి. కాలు నిటారుగా ఎత్తండి. గోడకు ఆని కొద్దిగానే కూర్చుని లేవండి. తుంటి కీలు బాగా తిరిగేలా స్ట్రెచ్ చేయండి. తుంటి తిరగకపోతే ఆ పని మోకాలు చేయాల్సి వస్తుంది. బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్‌ను చివర్లో, కొద్ది ల్యాప్స్‌తో కలపండి.

నడుము నొప్పి ఎక్కువగా బటర్‌ఫ్లై, బ్రెస్ట్‌స్ట్రోక్ వాళ్లది. నడుము మళ్లీ మళ్లీ వెనక్కి వంగడమే కారణం. మందు: పొట్ట చుట్టూ బలం. డెడ్ బగ్, బర్డ్ డాగ్, సైడ్ ప్లాంక్ అనే వ్యాయామాలు ఫిజియో దగ్గర నేర్చుకోండి. ఒక్కోటి 3 సెట్లు. తొడ ముందు భాగం స్ట్రెచ్ మర్చిపోవద్దు. పగలంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు అక్కడే బాగా పట్టేస్తుంది.

గాయానికి కారణమైన స్ట్రోక్‌ను సరిదిద్దండి

బలం తెచ్చుకుని పాత తప్పుతోనే ఈదితే పాత నొప్పే వస్తుంది. కోచ్‌తో ఫోన్‌లో వీడియో తీయించుకోండి. ఈ ఐదూ చూడండి.

1. చెయ్యి నీళ్లలోకి వెళ్లేటప్పుడు బొటనవేలు ముందు తగులుతోందా? భుజం లోపలికి మెలి తిరుగుతుంది. వేళ్ల కొనలు ముందు దిగాలి.
2. చెయ్యి తలకు అడ్డంగా రెండో వైపు పోతోందా? భుజానికి సూటిగా ఉంచండి.
3. నీళ్లు పట్టేటప్పుడు మోచెయ్యి కిందికి జారుతోందా? మోచెయ్యి అరచేతి కంటే ఎత్తులో ఉండాలి.
4. ఒళ్లు పలకలా ఉండిపోతోందా? రెండు పక్కలకూ దొర్లాలి.
5. ఊపిరి ఎప్పుడూ ఒకే వైపా? రెండు వైపులా తీసుకోవడం అలవాటు చేసుకోండి.

మామూలు రోజుల్లో ఇంత ఓపికగా స్ట్రోక్ దిద్దుకునే తీరిక ఎవరికీ ఉండదు. మీకు ఇప్పుడుంది. వాడుకోండి!

మనసుకు ఐదు అలవాట్లు

1. టైమ్ మార్చకండి. పూల్‌కు వెళ్లే గంటలోనే రీహాబ్ చేయండి. అదే అలారం. అదే బ్యాగ్. "నేను అథ్లెట్‌ని" అన్న గుర్తింపు ఆ గంటలో బతికే ఉంటుంది.

2. నోట్‌బుక్ పెట్టండి. తేదీ, వ్యాయామం, సెట్లు, నొప్పి మార్కులు, నిద్ర గంటలు. రోజూ ఐదు లైన్లు. ఈరోజుకీ నిన్నటికీ తేడా కనబడదు. ఈ నెలకీ పోయిన నెలకీ కచ్చితంగా కనబడుతుంది.

3. రేసును కళ్లు మూసుకుని ఈదండి. ఫెల్ప్స్ ఏళ్ల తరబడి రోజూ రేసును మనసులో నడిపించుకునేవాడు. ఇబ్బందులు ఎదురైతే ఏం చేయాలో కూడా ఊహించుకునేవాడు. 2008 బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో గాగుల్స్‌లోకి నీళ్లు చేరాయి. గోడ కనిపించలేదు. స్ట్రోక్‌లు లెక్కపెట్టుకుంటూ ఈదాడు. 1 నిమిషం 52.03 సెకన్లు, ప్రపంచ రికార్డు! రోజూ ఐదు నిమిషాలు మీరూ చేయండి. మంచి స్టార్ట్, మంచి టర్న్, మంచి ఫినిష్.

4. జట్టుకు దూరం కావొద్దు. వారానికి ఒకసారైనా పూల్ గట్టు మీద నిలబడండి. స్టాప్‌వాచ్ పట్టండి. చిన్నవాళ్ల స్ట్రోక్ చూడండి. ఒంటరిగా గదిలో కూర్చుంటే గాయం పెద్దదిగా కనిపిస్తుంది.

5. నిద్ర, తిండి కూడా వ్యాయామాలే. రాత్రి ఎనిమిది గంటల నిద్ర. పూటపూటకూ ప్రొటీన్: గుడ్లు, పప్పు, పెరుగు, చేప, చికెన్, మీకు ఏది వీలైతే అది. ఈత తగ్గింది కదా అని తిండి బాగా తగ్గించేయకండి. కోలుకునే శరీరానికి ముడిసరుకు కావాలి.

తల్లిదండ్రులకు, కోచ్‌లకు ఒక మాట

పిల్ల "భుజం నొప్పి" అంటే "బద్ధకానికి సాకు" అనేయకండి. నమ్మండి. అడగండి. డాక్టర్‌కు చూపించండి. వేసవి శిబిరాల్లో ముఖ్యంగా జాగ్రత్త. పదకొండు నెలలు నీళ్ల మొహం చూడని పిల్లల్ని ఏప్రిల్‌లో రెండు పూటలా ఈదిస్తే భుజం తట్టుకోదు. మెల్లగా పెంచండి. నొప్పి చెప్పుకునే ధైర్యం ఉన్న పిల్లలే పదేళ్ల తర్వాత కూడా ఈదుతుంటారు.

ఈరోజే చేయాల్సినవి

1. ఫిజియో అపాయింట్‌మెంట్ తీసుకోండి.
2. ఒక థెరాబ్యాండ్ కొనండి. లేతగా సాగేదే కొనండి.
3. నోట్‌బుక్ మొదటి పేజీలో మూడు నెలల తర్వాతి తేదీ వేసి, దాని పక్కన మీ టార్గెట్ రాయండి.
4. కోచ్‌కు ఫోన్ చేసి "నేను ట్రైనింగ్‌లోనే ఉన్నాను" అని చెప్పండి.
5. రేపటి రీహాబ్‌కు అలారం పెట్టండి.

రేపు అలారం మోగగానే లేచేవాళ్లు, ఆర్నెల్ల తర్వాత స్టార్టింగ్ బ్లాక్ మీద నిలబడినప్పుడు అందరిలా తిరిగొచ్చినవాళ్లు మాత్రమే కారు. బలమైన భుజంతో, దిద్దుకున్న స్ట్రోక్‌తో, ఓపిక నేర్చిన మనసుతో వచ్చినవాళ్లు. ఆ వరుసలో మీరు ఉంటారు. మొదలుపెట్టండి!